మూడో నంబరు జవాబు

రైలు కదిలేదాకా కదల్లేదని భయం, కదిలాక చేరుతుందని భయం. కిటికీ పక్క సీటు దొరికింది, దొరక్కేం, పెట్టె సగం ఖాళీయే, ఈ రోజుల్లో పనుండి ప్రయాణం చేసేవాళ్ళెవరు గనక. ఒళ్ళో సంచీ, సంచీ మీద రెండు చేతులూ, కుడి బొటనవేలి మీద ఊదారంగు సిరా మరక. సబ్బుకి పోదు, రాయి పెట్టి రుద్దినా పోదు, నాలుగేళ్ళుగా ఆ వేలి రంగే అది. గంట ప్రయాణం. గంటలో ఏమవుతుంది, ఏమీ కాదు, అయ్యేదేదో అయ్యే ఉంటుంది. సోమవారం వేసిన జవాబు మంగళవారానికి చేరిపోతుంది, ఇవాళ శుక్రవారం, నెలలో ఆఖరి రోజు. ఆఖరి రోజు అన్న మాట తట్టినప్పుడల్లా వేళ్ళ మీద రోజులు మళ్ళీ లెక్కపెడుతోంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె మధ్యాహ్నం భోజనాల వేళ నుంచీ కీడే ఎంచుతోంది, మేలు దాకా రావడానికి తీరిక చిక్కడం లేదు.

అంతా ఆ చిరునామాల తాతగారి నోటి వల్ల. జనం దేశపు పెద్దాయనకి రాసే ఉత్తరాలకి జవాబులు పంపే ఆఫీసులో, కవర్ల మీద చిరునామాలు రాయడం ఆయన పని, రాస్తూ రాస్తూ ఉత్తరాల పైభాగం చదవడం ఆయన సరదా. రొట్టె డబ్బా మూత తీస్తూ, "పాపం అమ్మాయ్, సోమవారం కట్టలో ఒకతను ఎంత బాగా రాయించాడనుకున్నావ్! మా చెల్లెలు మీ ఆఫీసులోనే పని చేస్తుంది, దానికి మాత్రం తెలియనివ్వకండి, సిగ్గుపడుతుంది, అని మొదట్లోనే మొదలుపెట్టాడు. లేతు మిషను పనివాడట. మనలో ఎవరి అన్నో ఏమో" అన్నాడు. ఏ ఊరు తాతగారూ అని అడిగింది. ఆయన ఊరి పేరు చెప్పాడు, వీధి పేరు కూడా చెప్పాడు, ఆయన జ్ఞాపకశక్తి మండిపోను. నోట్లో ఆఖరి ముక్క నోట్లోనే ఉంది. మింగిందో ఊసిందో ఆమెకి గుర్తులేదు. సూపరింటెండెంటుతో తలనొప్పి అని చెప్పడం, ఆయన గడియారం వంక చూడడం, బల్ల మీదున్నవన్నీ రెండు చేతులతో సంచీలోకి తోసెయ్యడం, మెట్లు, వీధి, స్టేషను, అంతే.

మొదట్లోనే మొదలుపెట్టాడట. మొదట్లో ఎవరు చూస్తారు అన్నయ్యా, మొదలు ఎవరికి కావాలి? ఆ ఆఫీసులో ఉత్తరాన్ని కింది నుంచి చదువుతారు. చేరిన రోజే సూపరింటెండెంటు నేర్పిన విద్య అది. పైనంతా దణ్ణాలు, నడుమంతా ఏడుపు, అడిగేది ఆఖరి నాలుగు వరుసల్లో ఉంటుంది, అక్కడ చూసి నంబరు వెయ్యండి, పని తెములుతుంది అన్నాడు. సంతకం ఉన్న అంచుని కవర్లు చింపేవాళ్ళే వెనక్కి మడిచి పిన్ను గుచ్చేస్తారు. పేరు చూస్తే మనిషి కనిపిస్తాడు, మనిషి కనిపిస్తే చెయ్యి ఆగుతుంది అని. దీవెనలకి ఒకటో నంబరు జవాబు. సలహాలకి రెండు. ఏదైనా అడిగినవాళ్ళకి మూడు, బియ్యం అడిగినా మూడే, మందు అడిగినా మూడే, పని అడిగినా మూడే. తిట్టినవాళ్ళకి జవాబు లేదు, వాళ్ళ పేర్లు ఇంకో గదికి వెళతాయి, ఆ గదిలో ఏం చేస్తారో ఎవరూ అడగరు. అచ్చయి వచ్చిన జవాబు కింద పెద్దాయన సంతకం రబ్బరు ముద్ర ఒకటి టక్కున గుద్దడం, అయిపోయింది. మొదటి వారం రోజుకి అరవై చేసి ఇంటికెళ్ళి ఏడ్చింది. ఇప్పుడు రెండు వందల నలభై చేస్తుంది, ఏడవదు, అందరికన్నా చురుకైన చెయ్యి నీదే అంటే లోపల సంతోషం కూడా వేస్తుంది. వేసింది. సోమవారం కూడా వేసే ఉంటుంది.

అన్నయ్య చేతిరాత అయితే గుర్తుపట్టేది. అవి అక్షరాలా, కోడి గీకిన గీతలు, వంద కాగితాల మధ్య ఉన్నా పట్టేది. అదే తెలిసి కాబోలు డబ్బిచ్చి ఎవరిచేతో రాయించాడు, తిండికి లేని రోజుల్లో అక్షరాలకి డబ్బిచ్చాడు. ఆ అక్షరాలు ఆమెకి గుర్తున్నాయి. అదే, అదే ఘోరం. రెండు వందల నలభైలో ఒక్కటి ఎందుకు గుర్తుండాలి, కానీ ఉంది, గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా, ఆఖరి నాలుగు వరుసలు. నెలాఖరు లోపు మీరు ఏదైనా దారి చూపించండి. లేకపోతే నేను ఇంటికి బరువు తప్ప మరేం కాను. నేను లేకపోతే నా పిల్లల్ని చూసి ఎవరైనా జాలిపడతారు. ఇదీ నా లెక్క, తప్పయితే చెప్పండి. అలాంటివి రోజుకి పాతిక ముప్ఫై వస్తాయి, వాటికని వేరే నంబరేమీ లేదు. ఇది అడగడమే కదా, అడిగితే మూడు. ఆ లెక్క అన్న మాట దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది కూడా. ఎవడో పద్ధతైన మనిషి అనుకుంది. అనుకుని, టక్.

బయట పొలాలు పోతున్నాయి, తీగల మీద పిట్టలు, గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడ్డ మనిషి, అన్నయ్యలా ఉన్నాడు, కాదు, ఆ తర్వాతి మనిషీ అన్నయ్యలాగే ఉన్నాడు. అన్నయ్య ఇప్పుడు ఎలా ఉన్నాడు? ఫ్యాక్టరీ మూసేసి పద్నాలుగు నెలలు. రెండు నెలల క్రితం వెళ్ళినప్పుడు గడ్డం నున్నగా గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, పనికి వెళ్ళేవాడిలా కుర్చీలో కూర్చున్నాడు. జీతంలోంచి ఆమె తీసిన నోటు చేతిలో పెడితే, నీ ఇంట్లో అత్తగారికి మందులు కొను పిచ్చుకా, అని తిరిగి సంచీలో కుక్కాడు. పిచ్చుక అని అన్నయ్య తప్ప ఇంకెవరూ పిలవరు. ఇక పిలిచేవాళ్ళు ఉన్నారా? ఛీ, నోరు ముయ్యి, అని తనని తానే కసురుకుంది. ఎదురు సీటు ఆయన తలెత్తి చూసేసరికి పైకే అన్నానా అని సిగ్గుపడింది.

రాసినది రాసినట్టు చేసే మనిషి అన్నయ్య, భయమంతా అక్కడ. నోటిమాటని నమ్మడు, కాగితాన్ని నమ్ముతాడు. ఫ్యాక్టరీలో డ్రాయింగు కాగితం మీద ఎంతుంటే అంతే చెక్కాలి, వెంట్రుక మందం తేడా వచ్చినా ముక్క చెత్తలోకి పోతుంది, పాతికేళ్ళు అదే పని. అంతకుముందు మాత్రం తక్కువా? వాడికి పదేళ్ళు, తనకి ఐదు, నాన్న ఊరెళుతూ బల్ల మీద చీటీ పెట్టాడు, నేను వచ్చేదాకా ఎవరికీ తలుపు తియ్యొద్దు అని. సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చింది. తియ్యలేదు. వాన. ఒరేయ్ నేన్రా అంటోంది అమ్మ. చీటీలో నువ్వు తప్ప అని లేదమ్మా అంటున్నాడు లోపల నుంచి, ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే గడియని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. నాన్న వచ్చేసరికి అమ్మ గుమ్మంలో తడిసి ముద్దయి కూర్చుని నవ్వుతోంది. ఎన్నేళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారో ఆ కథ. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాలేదు, అరికాళ్ళలో చెమట పట్టింది. వాడి చేతిలో ఇప్పుడు ఒక చీటీ ఉంది. దేశానికి పెద్దయినవాడు సంతకం చేసిన చీటీ. అందులో ఏముంది?

అందులో ఏముంది? లక్షసార్లు ముద్ర వేసిన కాగితం, రెండో వాక్యం దాటి గుర్తు రావడం లేదు! మీ ఉత్తరం అందింది. మీ కష్టం నా కష్టం. ఆ తర్వాత? ఇరుగుపొరుగు గురించి ఒక మాట ఉంది, ఇరుగుపొరుగుకి మీరే బలం కావాలి అని. ప్రభుత్వం చెయ్యి పట్టుకుని నడిపిస్తే జాతి నడక మరిచిపోతుంది అని. దానికీ దీనికీ మధ్య ఇంకో వాక్యం ఉంది, పెద్దాయనే స్వయంగా కలిపారని సూపరింటెండెంటు మురిసిపోయిన వాక్యం. కళ్ళు మూసుకుంది. కాగితం కనిపిస్తోంది, పైన చిహ్నం కనిపిస్తోంది, కింద సంతకం కనిపిస్తోంది, నడుమ తెల్లగా ఉంది. సంతకం పడే చోటు తప్ప ఆ కాగితంలో ఆమె ఏనాడైనా ఏం చూసింది గనక.

పెద్దాయనని మాత్రం చూసింది, ఒక్కసారి, పోయిన చలికాలంలో, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. చెప్పకుండా వచ్చారు. వచ్చీ రాగానే పట్టపగలు ఇన్ని దీపాలెందుకు అని రెండు ఆర్పించారు. కోటు మోచేతి దగ్గర అతుకు ఉంది, ఎవరో ఇంట్లో మనిషే కుట్టిన అతుకు. జీతం సగం కోసుకున్నారట, మధ్యాహ్నం ఒక్క రొట్టె తింటారట, నిజమే అయ్యుంటుంది, మెడ చూస్తే తెలుస్తోంది. కొలిమి దగ్గర తిత్తి ఊదే పిల్లాడిగా మొదలై ఎవరి సాయం లేకుండా అంతవాడైన మనిషి. దొంగ అయితే తిట్టుకుని నిద్రపోవచ్చు. మంచివాడు, అదే భయం. గాయాన్ని మాటిమాటికీ తడిమితే మానదు, గాలికి వదిలెయ్యాలి, మానుతుంది, అన్నారు అందరినీ ఉద్దేశించి, చాలా నెమ్మదిగా, ఆయనకీ నొప్పిగా ఉన్నట్టే. తర్వాత ఆమె బల్ల దగ్గర ఆగి, మూడో నంబరు గుట్ట మీద అరచెయ్యి ఆనించి, "ఏమంటున్నారమ్మా జనం?" అని అడిగారు. గుట్ట ఆయన నడుము దాకా ఉంది. అబద్ధం చెప్పక్కర్లేదు, పై కాగితం తీసి చేతిలో పెడితే చాలు. వెనక సూపరింటెండెంటు ఆమె చేతుల వంకే చూస్తున్నాడు. ఇంట్లో మంచం మీదున్న అత్తగారు గుర్తొచ్చింది, ఆరు నెలలుగా పని లేని భర్త గుర్తొచ్చాడు. "ఓపిక పడతాం అంటున్నారండీ" అంది. ఆయన ముఖం వెలిగింది. "నాకు తెలుసు. మన జనం గట్టివాళ్ళు" అన్నారు. రోజూ పొద్దున్నే ఆయన బల్ల మీదికి ఉత్తరాలు వెళతాయి, ఒకటో నంబరు గుట్టలోంచి ఏరి ఏరి ఆరు. ఆ ఆరే దేశం ఆయనకి. ఇక జనం సంగతి ఆయనకి ఎందుకు తెలియదు.

"వెలుతురు కనపడుతోందిట" అన్నాడు ఎదురు సీటు ఆయన, పేపరు మడుస్తూ. "ఆదివారం రేడియోలో మాట్లాడతాడట మళ్ళీ." నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని గొంతు. ఆమె తలూపింది. పేపర్లో పెద్దాయన బొమ్మ, బొమ్మ కింద పెద్ద అక్షరాలు, పౌరుడి మొదటి ధర్మం, అని. చూపు అక్కడ ఇరుక్కుపోయింది. మొదటి ధర్మం. మొదటి ధర్మం! వచ్చేసింది, వాక్యం మొత్తం వచ్చేసింది, రాకపోయినా బాగుండేది. ఎవరికీ బరువు కాకుండా ఉండటమే స్వతంత్ర పౌరుడి మొదటి ధర్మం. నేను ఇంటికి బరువు తప్ప మరేం కాను అని వాడు రాశాడు. ఇదీ నా లెక్క, తప్పయితే చెప్పండి అని రాశాడు. ఎవరికీ బరువు కాకుండా ఉండండి అని జవాబు వెళ్ళింది, దేశపు పెద్ద సంతకంతో వెళ్ళింది, ఆ సంతకం ఈ బొటనవేలితో గుద్దింది. చీటీలో ఉన్నది చేసే మనిషి. అయ్యో, అన్నయ్యా.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో తెలియదు. రుమాలు కోసం సంచీలో చెయ్యి పెడితే గట్టిగా ఏదో తగిలింది. చెక్కపిడి. చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది. సంతకం ముద్ర! బల్ల మీదివన్నీ తోసినప్పుడు అదీ వచ్చేసింది, సిరా దిండు డబ్బాతో సహా. సాయంత్రం ఐదింటికి ఎవరి ముద్ర వాళ్ళు బీరువాలో పెట్టి చేవ్రాలు చెయ్యాలి, గుమ్మం దాటిస్తే ఉద్యోగం పోవడం కాదు, జైలు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మామూలు రోజయితే గుండె ఆగిపోయేదే, ఇవాళ దానికీ చోటు లేదు, భయం కూడా వరసలో నిలబడాల్సి వస్తోంది. వెనక్కి వెళ్ళే రైలు ఐదు దాటాకే. సరే, పోతే పోనీ, ముందు వాణ్ణి ఉండనీ. ఎవరికి మొక్కుకుంటోందో తెలియకుండానే మొక్కుకుంది. పొగ లేని పొగగొట్టాలు ఒకటొకటిగా కిటికీలోకి వచ్చాయి. ఊరు.

స్టేషను నుంచి నాలుగు వీధులు. మొదటి వీధి నడిచింది, రెండోది పరుగెత్తింది. మూడో వీధి మలుపులో జనం, చాలామంది, మాటలు లేకుండా నిలబడి ఉన్నారు. అలా మాటల్లేకుండా జనం ఎప్పుడు నిలబడతారో ఆమెకి తెలుసు. అయినా అటే నడిచింది. దగ్గరికొచ్చాక చేతుల్లో గిన్నెలు కనిపించాయి. సేవాసంఘం ఉచిత వంటశాల ముందు క్యూ. పిల్లలు, ముసలివాళ్ళు, టోపీ కళ్ళ మీదికి లాక్కున్న మగవాళ్ళు. హమ్మయ్య అనుకుని, వాళ్ళని చూసి హమ్మయ్య అనుకున్నందుకు తలదించుకుని దాటిపోయింది. అన్నయ్య ఇంటి తలుపు వేసి ఉంది. తట్టింది. చప్పుడు లేదు. మళ్ళీ తట్టింది. అమ్మ వానలో నిలబడ్డ గుమ్మం కాదు ఇది, అయినా అమ్మలాగే, "ఒరేయ్ అన్నయ్యా, నేన్రా" అంది, ఎప్పుడూ అనని రా అనేసింది.

గడియ తీసిన చప్పుడు.

గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు. సగమయ్యాడు, కానీ ఉన్నాడు, నవ్వుతున్నాడు, "ఏంటే పిచ్చుకా, పనిరోజున వచ్చావు?" అంటున్నాడు. ఆమె వాడి చొక్కా గుప్పిట పట్టుకుని నిలబడిపోయింది, వదలలేదు. ఎంత పిచ్చి ఊహలు, ఎంత పిచ్చి దాన్ని, అనుకుంటుండగా వాడి భుజం మీదుగా గోడ కనిపించింది. అద్దం ఉండే చోట అద్దపు చట్రంలో మూడో నంబరు జవాబు. సంతకం కొద్దిగా ఎడమకి ఒరిగింది. ఆమె ముద్ర ఎప్పుడూ ఎడమకే ఒరుగుతుంది.

"చూశావా? నీకు చెప్పొద్దన్నాను, చెప్పేశారా?"

"పెద్దాయనే చెప్పారు" అంది. ఎందుకందో తెలియదు. వాడి ముఖం చూశాక వేరే మాట నోటికి రాలేదు.

"నేనొక తప్పుడు లెక్క వేశాను పిచ్చుకా. ఆయన దిద్దాడు. నా కష్టం ఆయన కష్టమట, రాశాడు. అంతటివాడు నన్ను పౌరుడా అని పిలిచి, నాకొక ధర్మం ఉందన్నాక, ఇంక నేను ఎందుకు చస్తాను?" ఆ ఆఖరి మాట చాలా మామూలుగా అన్నాడు. "నువ్వు పక్కనే ఉన్నావా? నా ఉత్తరం చదువుతున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉంది?"

జవాబు కోసం ఆగకుండా బల్ల మీది కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. తిరుగు ఉత్తరమట, నువ్వే ఆయన చేతికివ్వాలి అన్నాడు. కోడిగీతలు. అలవాటు కొద్దీ చూపు కిందికి జారింది. బలవంతంగా పైకి లాక్కుని, నాలుగేళ్ళలో మొదటిసారి, ఒక ఉత్తరాన్ని మొదటి నుంచి చదివింది. అయ్యా, దణ్ణాలు. మీరు రాసినట్టే చేస్తున్నాను. మంగళవారం నుంచి మా ఇంట్లో ఎవరం సంఘం వంటశాలకి వెళ్ళడం లేదు. పిల్లలకి కూడా చెప్పాను, అర్థం చేసుకున్నారు, ఏడవడం లేదు. మేము ఎవరికీ బరువు కాము. ఒకటో నంబరు ఉత్తరం. ఇంత మంచి ఒకటో నంబరు ఈ ఏడాదిలోనే రాలేదు. రేపు పొద్దున ఆ ఆరు ఉత్తరాల్లో అన్నిటికన్నా పైన ఉంటుంది, ఆదివారం రేడియోలో ఆయన గొంతు బొంగురుపోతుంది దీన్ని చదువుతూ, మూడో నంబరు గుట్ట ఇంకో మూరెడు పెరుగుతుంది.

వంటగది గుమ్మంలో వదిన. ఆమె వెనక ఇద్దరు పిల్లలు గోడకి ఆనుకుని కూర్చున్నారు, అత్త వచ్చిందని లేవలేదు. పెదాలు తెల్లగా ఉన్నాయి. "నాలుగు రోజులు" అంది వదిన మెల్లగా, ఏడవడానికి కూడా ఓపిక లేని గొంతుతో. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది మీ పెద్దాయన సంగతి. పిల్లల్ని దొంగచాటుగా పంపితే గిన్నె లాక్కున్నారు మీ అన్నయ్య. కాగితంలో ఉందట. నువ్వు చెప్పమ్మా, నీ మాట వింటారేమో."

వినడు. నోటిమాట ఎప్పుడు విన్నాడు? ఆ సంతకం నాది అన్నయ్యా, ఆయన నీ ఉత్తరం చూడలేదు, ఎవరి ఉత్తరమూ చూడడు, నేను కూడా చూడలేదు, అని చెప్తే వింటాడు, అది మాత్రం నమ్ముతాడు. నమ్మి, గోడ మీది కాగితం దించి, తన పాత లెక్క దగ్గరికి వెళ్ళిపోతాడు. చెప్పకపోతే ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు. అటూ ఇటూ రెండు గడియలు, రెండింటినీ పట్టుకున్నది తన చెయ్యే.

"ఇంకో కాగితం కూడా ఇచ్చారు అన్నయ్యా" అంది. "సంచీలో ఉంది. కాసిని మంచినీళ్ళు తాగి తీస్తాను, ఉండు."

వంటగదిలో పొయ్యి చల్లగా ఉంది. వదినని తలుపుకి అడ్డంగా నిలబడమంది. సంచీలోంచి తన ఖాళీ రొట్టె డబ్బా తీసి, దానికి చుట్టిన కాగితం విప్పింది. పైన చిహ్నం తప్ప ఏమీ అచ్చుపడక చెడిపోయిన కాగితాలు అవి, ఏదీ వృథా కాకూడదని పెద్దాయనే డబ్బాలు చుట్టుకోవడానికి ఇమ్మన్నారు. గట్టు మీద పరిచి అరచేత్తో ముడతలు సాపు చేసింది. మూల నూనె మరక. ఐదింటికి బీరువా దగ్గర పుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉంటుంది. సిరా దిండు మూత తీసింది. గోడ దగ్గరి పిల్లలిద్దరూ చూస్తున్నారు.

ఖాళీ కాగితం అడుగున ముందు సంతకం గుద్దింది. కొద్దిగా ఎడమకి ఒరిగింది. ఆ తర్వాత కలం తీసి, కింది నుంచి పైకి, దేశపు పెద్ద తన పౌరుణ్ణి ఏమని ఆజ్ఞాపించాలో రాయడం మొదలుపెట్టింది. గిన్నెలు తీసుకుని వంటశాలకి వెళ్ళండి, ఇప్పుడే.